పాత్రకు పనేమిటి?

ఆటల గురించి సాహిత్య పత్రికలో రాయటమేమిటని కొందరు పాఠకులు అడగవచ్చు. కాని ఇక్కడ చెప్పబోయేది పేరుకు ఆట, తీరుకు కథ. నలుగురైదుగురు ఒక చోట కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. ఇదుగో అడవి, ఇదుగో పాడుబడ్డ కోట, లోపల ఏదో కదిలిన చప్పుడు అని చెబుతారు. మిగిలిన వాళ్లు తలా ఒక పాత్ర అవుతారు. "నేను గోడెక్కి చూస్తాను" అని ఒకరంటే, ఎక్కగలిగారా జారిపడ్డారా అన్నది పాచికలు తేలుస్తాయి. కాగితం, పెన్సిలు, పాచికలు ఉంటే చాలు. ముందే రాసిపెట్టిన ముగింపు ఉండదు. ఈ తరహా ఆటల్లో అచ్చయిన మొదటిది 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దాన్ని వెలువరించారు.

ఈ ఆటలో ఆటగాడు మొదట్లోనే తన పాత్రకు ఒక 'క్లాసు' ఎంచుకుంటాడు. మన సాహిత్య చర్చల్లో వర్గం అనే మాటకు వేరే అర్థం స్థిరపడిపోయింది కనుక నేను క్లాసు అనే అంటాను. పాత్ర ఏ పని చెయ్యగలదో, ఏ పని చెయ్యలేదో, రోజులు గడిచేకొద్దీ ఏ దారిలో ఎదుగుతుందో ముందుగా నిర్ణయించిన అచ్చు అది. ఆ అచ్చు తయారుచేసేవాడు నిజానికి పాత్ర చిత్రణ చేస్తున్నాడు. అందుచేత అతని పనిని ఒక నవలాకారుడి పనిని చూసినట్టే చూడాలి. ఈ వ్యాసంలో నేను వేసుకున్న ప్రశ్న ఒక్కటే. పాత్రకు పని అప్పజెప్పటం ఎక్కడ ముగుస్తుంది, పాత్రకు దారి మూసెయ్యటం ఎక్కడ మొదలవుతుంది?

పాత్రలను కోవలుగా విడగొట్టటం మనకు కొత్త కాదు. ఓరుగల్లు కాకతీయుల ఆస్థానంలో విద్యానాథుడు రాసిన ప్రతాపరుద్రీయం నాయక ప్రకరణంతోనే మొదలవుతుంది. ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాయకులు నాలుగు రకాలని మన అలంకారికులు చెప్పారు. ఇవి స్వభావాన్ని బట్టి చేసిన విభాగాలు. ధీరోదాత్తుడు గోడ ఎక్కగలడా, తాళం తియ్యగలడా అని ఏ అలంకారికుడూ అడగలేదు. అది వారికి అక్కరలేని ప్రశ్న.

బుర్రకథకు వస్తే లెక్క మారుతుంది. అక్కడ ముగ్గురుంటారు. నడిమి కథకుడు తంబురా పట్టుకుని కథను లాక్కుపోతాడు. ఒక పక్క రాజకీయ వంత, మరో పక్క హాస్య వంత. ఒకరు కథలోని సంగతిని నేటి ఊరి సంగతికి ముడిపెడతారు, మరొకరు జనం ఏడవబోయే చోట నవ్విస్తారు. ఇది పనిని బట్టి చేసిన విభాగం. షేక్ నాజర్ వంటి ఘనాపాఠి నడుమ నిలబడ్డా రెండు పక్కలా వంతలుండాల్సిందే. కథకుడికి గాత్రం ఎంత ఉన్నా, మధ్యలో ఊపిరి తీసుకునేది వంతల మీద ఆధారపడే.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదటి రూపంలో ఉన్న క్లాసులు కూడా సరిగ్గా మూడే. యోధుడు, మంత్రగాడు, క్లెరిక్. యోధుడు దెబ్బ కొడతాడు, దెబ్బ కాస్తాడు. మంత్రగాడు బలహీనుడు, కాని మంత్రంతో ఒక్కసారి పరిస్థితిని తలకిందులు చెయ్యగలడు. క్లెరిక్ దేవుడి పేరు మీద గాయాలు మాన్పుతాడు, దయ్యాలను తరుముతాడు, పదునైన ఆయుధం మాత్రం పట్టడు. ఈ మూడోది పుట్టిన కథ చెప్పుకోదగ్గది. ఆర్నెసన్ నడిపే ఆటలో ఒకాయన ఆడే రక్తపిశాచి పాత్ర ఎవరికీ లొంగనంత బలిసిపోతే, దానికి అడ్డంగా ఈ పాత్రను తెచ్చారంటారు. అంటే క్లాసు పుట్టింది శాస్త్రంలోంచి కాదు, ఆట దగ్గర ఏర్పడిన అవసరంలోంచి. మంచి క్లాసుకు ఇదే మొదటి గుర్తు అనుకుంటాను. అది లేకపోతే మిగతావాళ్లకు ఏదో ఒకటి అడ్డం పడాలి.

సాంచెల ఊరిలో ఉన్న మనకు ఇది ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. కండెలు చుట్టేవారుంటేనే నాడెలో పోగుంటుంది. బీము అయిపోయినప్పుడు పోగుకు పోగు అతికేవాడు రాకపోతే సాంచె పడుకుంటుంది. జాబర్ రాకపోతే చెడిన సాంచె చెడినట్టే ఉంటుంది. మేతా లెక్క రాస్తేనే వారం కూలి చేతికొస్తుంది. ఎవరి పని వారిది, ఎవరి పనీ ఒంటరిది కాదు. కార్ఖానాలో పనుల పంపకం ఇంత బిగువుగా ఉన్నా ఒక సడలింపు కూడా ఉంది. సాంచె నడిపేవాడు చిన్న బోల్టు తానే బిగించుకుంటాడు. తెగిన పోగు తానే ముడేసుకుంటాడు. జాబర్ చేస్తే పని శుభ్రంగా, త్వరగా అవుతుంది, నిజమే. అంతమాత్రాన పానా ముట్టే హక్కు నీకు లేదని ఎవరూ అనరు.

ఈ సడలింపు లేకపోతే ఏమవుతుందో 1975లో తెలిసింది. ఆ ఏడు వచ్చిన 'గ్రేహాక్' అనే అనుబంధ పుస్తకంలో 'థీఫ్', అంటే దొంగ, నాలుగో క్లాసుగా చేరాడు. తాళం తియ్యటం, చప్పుడు కాకుండా నడవటం, చీకట్లో దాక్కోవటం, గోడెక్కటం అతని విద్యలు. ఒక్కొక్క విద్యకు నూటికి ఇంత అని లెక్క కట్టి ఇచ్చారు. చూడటానికి సొగసైన పాత్రే. కాని ఆ పట్టిక అచ్చయ్యేదాకా గోడెక్కాలంటే ఎవరైనా ఎక్కేవారు. ఎలా ఎక్కుతావని కథ నడిపేవాడు అడిగేవాడు, తాడు ఉందనో చెట్టు కొమ్మ ఉందనో ఆటగాడు చెప్పేవాడు, ఆ మాటల్లోంచే కథ పుట్టేది. దొంగకు లెక్క ఇచ్చాక, లెక్క లేనివాళ్లకు ఆ పని రాదని అర్థం వచ్చేసింది. యోధుడు చీకట్లో దాక్కోబోతే "నువ్వు దొంగవు కావుగా" అనే మాట వచ్చింది. ఒకరికి ఇచ్చామనుకున్నది అందరి దగ్గరి నుంచీ తీసుకున్నట్టయింది. ఆ ఆటను పరిశీలించినవాళ్లు చాలామంది ఈ లోపాన్ని ఎత్తి చూపారు. నా దృష్టిలో ఇది లెక్కల లోపం కన్నా పాత్ర చిత్రణ లోపం. పాత్రకు నేర్పు ఇవ్వటానికీ గుత్త ఇవ్వటానికీ తేడా తెలియకపోవటం వల్ల వచ్చింది.

మంత్రగాడిది మరో రకం పొరపాటు. తొలి మెట్టు మీద అతనికి రోజుకు ఒక్క మంత్రం. అది వాడేశాక మూల నిలబడాలి. మెట్లు ఎక్కేకొద్దీ మంత్రాలు గుట్టలుగా పెరుగుతాయి. యోధుడి బలం మాత్రం మెట్టుకు ఇంత అన్నట్టు నిదానంగా పెరుగుతుంది. మొదట్లో మంత్రగాడు యోధుడి నీడన బతుకుతాడు, చివరకు యోధుడు మంత్రగాడి మూటలు మోస్తాడు. ఒకరి అవసరం ఒకరికి ఉండటమనే మొదటి గుణం ఇక్కడ కాలక్రమాన చచ్చిపోయింది. నవలలో తొలి వంద పేజీలూ మంచి పాత్రగా ఉండి, తరువాత చెయ్యటానికి పనిలేక తిరిగే స్నేహితుడిని మనం చూస్తుంటాం కదా. యోధుడి గతి అదే.

ఇంతకన్నా లోతైన తప్పు పుట్టుకను క్లాసు చెయ్యటం. 1978లో గైగాక్స్ రాసిన విస్తృత రూపంలో మరుగుజ్జులు, ఎల్ఫులు వంటి మానవేతర జాతుల పాత్రలు ఏ క్లాసుల్లో చేరవచ్చో, చేరినా ఎన్ని మెట్లు ఎక్కవచ్చో హద్దులు గీశారు. స్త్రీ పాత్రల శరీర బలానికి కూడా పురుష పాత్రల కన్నా తక్కువ హద్దు పెట్టారు. 1981 నాటి సరళ రూపం ఇంకో అడుగు ముందుకేసింది. అందులో మనిషి యోధుడు కావచ్చు, మంత్రగాడు కావచ్చు, దొంగ కావచ్చు. ఎల్ఫ్ మాత్రం ఎల్ఫే. మరుగుజ్జు మరుగుజ్జే. పుట్టుకే వృత్తి. మరుగుజ్జు 12 మెట్ల దగ్గర ఆగాలి, ఎల్ఫ్ 10 దగ్గర, హాఫ్లింగ్ 8 దగ్గర. మనుషులకేమో 36 దాకా దారి ఉందని మాట ఇచ్చారు.

ఇదంతా కట్టుకథ, ఎల్ఫులు ఎక్కడున్నారు, వాళ్లకు జరిగిన అన్యాయానికి మనం బాధపడాలా అని నవ్వేవాళ్లుంటారు. ఎల్ఫుల కోసం బాధపడనక్కరలేదు. ఆ నియమం రాసిన చెయ్యి లోకాన్ని ఎలా ఊహించిందో మాత్రం గమనించాలి. కొందరికి పని ఎంపిక, కొందరికి పని పుట్టుక. మొదటివారికి నిచ్చెన, రెండోవారికి నిచ్చెన నడుమ కప్పు. ఇటువంటి లోకాన్ని ఊహించటానికి మనకు పరదేశపు పుస్తకాలు అక్కరలేదు. తాతల నాటి నుంచీ అందులోనే ఉన్నాం.

ఆ హద్దులను ఆ ఆటే మెల్లగా వదిలించుకుంది. స్త్రీల మీది హద్దు 1989 నాటి రూపంలో పోయింది. జాతుల మీది మెట్ల హద్దు 2000లో పోయింది, ఎవరైనా ఏ క్లాసైనా, ఒక క్లాసులో ఉండి మరో క్లాసైనా పట్టవచ్చునన్నారు. 2024 నాటి పుస్తకంలో జాతి అని అర్థం వచ్చే 'రేస్' అనే మాటే తీసేసి 'స్పీషీస్' అని వేశారు. మాట మార్పుతో అంతా మారిందని నేననను. కాని మెట్ల హద్దు తీసెయ్యటం మాటల మార్పు కాదు, నిర్మాణంలో మార్పు. అది మెచ్చుకోవలసిందే.

ఇక్కడ మన సొంత సంప్రదాయం ఒకటి తలచుకోవాలి. ఒకప్పటి వరంగల్ జిల్లాలో, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాలలో నకాషీ చిత్రకారులు గుడ్డ మీద కథలను వరుసగా చిత్రించి పటాలు తయారుచేస్తారు. ఆ పటాలు విప్పి కథ చెప్పే ఆశ్రిత కులాలున్నాయి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులివారు చెబుతారు. గౌడుల కథ చెప్పేవారు వేరు, ముదిరాజుల దగ్గర పాండవుల కథ చెప్పే కాకిపడగలవారు వేరు. ఒక్కో కులానికి ఒక్కో పటం, ఒక్కో కథకుడు, ఒక్కో నాయకుడు. కళగా ఇది ఎంత గొప్పదో చెప్పనలవి కాదు. నేతపని చేసుకునేవాడు, తన పనికి మూలపురుషుడైన భావనారుషి తామర నారతో దేవతలకు బట్ట నేసిన కథ వింటాడు. తన చేతిలోని నాడెకు దేవలోకంలో చుట్టరికం ఉందని ఆ పూటకైనా తలెత్తుకుంటాడు. వలస వచ్చిన ఊళ్లలో సైతం మనం మార్కండేయుడి గుడి కట్టుకున్నామంటే ఆ బలం ఈ కథలదే.

అయితే ఆ పద్ధతిలో వినేవాడికి ఎంపిక లేదు. ఏ పటం ముందు కూర్చోవాలో పుట్టుక చెబుతుంది. ఏ కథ చెప్పాలో కథకుడికి కూడా పుట్టుకే చెబుతుంది. పాత్రల ఆట తెచ్చిన కొత్తదనం ఇక్కడే ఉంది. ఏ పటంలోని నాయకుడినైనా ఎవరైనా ఎంచుకోవచ్చు. ఆటగాడికి ఈ స్వేచ్ఛ ఇచ్చి, ఆటలోని పాత్రకు మాత్రం అది లేకుండా చెయ్యటమే 1981 నాటి ఎల్ఫ్‌లో ఉన్న వైరుధ్యం.

అలాగైతే క్లాసులనే ఎత్తేస్తే సరిపోదా? ఆ ప్రయత్నమూ జరిగింది. 1978లో వచ్చిన 'రూన్‌క్వెస్ట్'లో క్లాసులు లేవు. పాత్ర ఏ విద్యను వాడి నెగ్గిందో ఆ విద్య పక్కన ఒక గుర్తు పెట్టుకుంటారు. తరువాత పాచిక అనుకూలిస్తే ఆ విద్య పెరుగుతుంది. చేస్తూ చేస్తూ నేర్చుకోవటం. సాంచె పక్కన నిలబడి పని నేర్చిన ఎవరికైనా ఇది న్యాయంగా తోస్తుంది. కాని ఒక ఇబ్బంది ఉంది. మొదటిసారి ఆడటానికి వచ్చినవాడి చేతిలో విద్యల జాబితా పెడితే, తానెవరో అతనికి తెలియదు. క్లాసు పేరు ఒక్క మాటలో బొమ్మ కట్టిస్తుంది. "నేను వైద్యుణ్ణి" అనగానే పక్కవాడు గాయం చూపిస్తాడు. ఆ క్షణంలో పుట్టే సంబంధాన్ని జాబితా ఇవ్వలేదు.

1986లో ఇంగ్లండులో వచ్చిన 'వార్‌హామర్' పాత్రల ఆట ఈ రెండింటికీ నడిమి దారి పట్టింది. అందులో క్లాసుకు బదులు బతుకుతెరువులుంటాయి. ఎలుకలు పట్టేవాడిగా మొదలవ్వవచ్చు. ఆ పనికి తగిన సామాను చేతిలో ఉంటుంది. ఆ పని ముగించి ఏయే పనుల్లోకి పోవచ్చో ఆ పని వివరంలోనే రాసి ఉంటుంది. బయటికి పోయే ద్వారాన్ని కూడా పాత్ర చిత్రణలో భాగం చెయ్యటం నాకు చాలా గొప్పగా తోచింది. దానికి భిన్నంగా 2008 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ క్లాసులన్నిటినీ నాలుగు బాధ్యతల కింద సర్దింది. కాచేవాడు, కొట్టేవాడు, నడిపించేవాడు, అదుపు చేసేవాడు. అవసరాల లెక్క చక్కగా కుదిరింది. కాని క్లాసులన్నీ ఒకే మూసలో పోసినట్టున్నాయని చాలామంది ఆటగాళ్లు పెదవి విరిచారు. పని ఉంది, మనిషి పలచబడ్డాడు.

ఇదంతా మనకెందుకంటే, రేపు మన పిల్లల్లో ఎవరో ఒకరు ఇటువంటి ఆట తెలుగులో రాయబూనుతారు. రాయాలని నా కోరిక కూడా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ మాట్లాడే పిల్లలకు, మూడు గంటలపాటు తెలుగులోనే ఊహించి తెలుగులోనే బదులు చెప్పాల్సిన పని కన్నా మంచి భాషాభ్యాసం దొరకదు. అప్పుడు వారికి ఎదురయ్యే మొదటి శోధన క్లాసుల పేర్లే. క్లెరిక్‌ను పూజారి అనేస్తే సరిపోయిందనుకుంటారు. మన భాషలో పూజారి అనగానే ఎక్కువ మందికి పుట్టుక గుర్తొస్తుంది. కావాలంటే ఒగ్గు పూజారిని తలచుకోవచ్చు. మల్లన్న కథ చెప్పి, పట్నం వేసి, డోలు దెబ్బతో జనాన్ని లేపేవాడు ఆటలో ఎంత పనికొస్తాడు! కాని అక్కడా కులం వెంట వస్తుంది. ఊళ్లోని వృత్తుల పట్టీ తీసి నేతగాడు, కుమ్మరి, కంసాలి అని వరుసగా క్లాసులు చేసుకుంటూ పోవటం ఇంకా తేలిక. దేశీయంగా ఉందని మెచ్చుకునేవారూ ఉంటారు. ఆలోచించకుండా చేస్తే అది 1981 నాటి ఎల్ఫుకు మన వేషం వెయ్యటమే అవుతుంది.

నేతగాడు అనే క్లాసు వద్దని నేననటం లేదు. మన కథల్లోని నేతగాడు బలమైన పాత్ర. భావనారుషి పటంలో పులినెక్కి కనిపిస్తాడు. నేసేవాడు మగ్గం గుంటలోనే ఉంటాడని ఆ కథ అనుకోలేదు. ఆ క్లాసు రాసేవారు నాలుగు సంగతులు చూసుకోవాలంటాను. ఒకటి, నేతగాడు లేకపోతే జట్టుకు ఏది లోటో తేలాలి. తాడు, వల, వేషం, గుడారం, జెండా, కఫను గుడ్డ వరకూ అతని చేతిలోవే. రెండు, అతనికి ఎవరు లేకపోతే సాగదో కూడా తేలాలి. నూలు ఎవరో తేవాలి, రంగు ఎవరో కలపాలి. మూడు, అతను బాగా వేసే ముడి మిగతావాళ్లు కూడా వెయ్యగలగాలి, అంత బాగా కాకపోయినా. నాలుగు, కుమ్మరి ఇంట పుట్టిన పిల్ల నేతగాని క్లాసు ఎంచుకోగలగాలి, నేతగాడు నడుమ మగ్గం దిగి వైద్యం నేర్చుకోగలగాలి. ఈ నాలుగో సంగతి పుస్తకం చివర ఎక్కడో చిన్నక్షరాల్లో ఉండకూడదు. క్లాసు వివరంలోనే, ఎలుకలు పట్టేవాడికి రాసినట్టు, పెద్దక్షరాల్లో ఉండాలి.

భివండీలో పని మారటం ఇవాళ ఎవరికీ వింత కాదు. మగ్గం నుంచి సాంచెకు వచ్చాం. పద్మానగర్‌లో తండ్రి సాంచెల శబ్దంలో వయసు కరిగించుకుంటే, కొడుకు పూర్ణ గోదాముల్లో సరుకు లెక్క రాస్తాడు, కూతురు ఆసుపత్రిలో నర్సుగా చేరుతుంది. వాళ్లు ఎక్కడికి పోయినా ముడి వెయ్యటం మరిచిపోరు, అది ఇంట్లో నేర్చిన విద్య. పాత్రను కూడా అలా రాయవచ్చు. ఇంటి నుంచి తెచ్చుకున్న విద్య ఒకటి, తాను ఎంచుకున్న పని ఒకటి, ఇంకా తేలని దారి ఒకటి. ఆ మూడింటికీ కాగితం మీద చోటు వదిలిన ఆటను తెలుగులో ఎవరు రాసినా, దాని మీద ఈ పత్రికలో సమీక్ష రాయటానికి నేను సిద్ధం.